ఒక జీపు ప్రకటనకు వ్యాఖ్యానం

విశాఖలో గాజువాక, కూర్మన్నపాలెం చుట్టుపక్కల పాత జీపు అమ్మకానికి వచ్చిందంటే ప్రకటన ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. ఎవరు రాసినా అవే మాటలు, అదే వరస. అలాంటివి చాలా చదివాక, అందరి మాటలూ కలిపి ఒక నమూనా కూర్చాను. ఇది ఏ ఒక్కరిదీ కాదు కాబట్టి ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

మూలం: “మహీంద్రా జీపు, 1988 మోడల్. డిపార్టుమెంటు వేలం బండి. సెకండ్ ఓనర్. ప్యూజో డీజిల్ ఇంజను. ఫోర్ వీల్ వర్కింగ్. ఛాసిస్ గట్టిది, బాడీ కొత్తగా కట్టించాం. పవర్ స్టీరింగ్, పెద్ద టైర్లు. ఎఫ్.సి., ఇన్సూరెన్స్ కరెంట్. పేపర్లు క్లియర్. రేటు నాలుగున్నర. చూస్తే వదలరు.”

పద్యానికి ప్రతిపదార్థం రాసే పద్ధతిలోనే దీనికీ రాస్తాను. కొనేవాడి జేబుకి సంబంధించిన అర్థాలు మాత్రమే తీస్తాను.

మహీంద్రా జీపు: అమ్మేవాడు విల్లీస్ అనలేదు, అందుకు ముందుగా సంతోషించాలి. పాత జీపు ఏదైనా సరే ‘యుద్ధం నాటి విల్లీస్’ అనేస్తే రేటు లేస్తుందని ఒక నమ్మకం. రెండో ప్రపంచ యుద్ధానికి పనిచేసిన విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ 1941 నుంచి 1945 దాకా తయారయ్యాయి. ముందున్న రేకు జాలీలో తొమ్మిది చీలికలుంటే యుద్ధపు జీపు. ఏడుంటే, వెనక దించే తలుపు కూడా ఉంటే, అది యుద్ధం తర్వాత మామూలు జనం కోసం చేసిన సీజే రకం. మహీంద్రా సంస్థ 1940ల చివర్లో విల్లీస్ విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఎత్తు బానెట్ సీజే 3బీ, సీజే 500డీ, ఎంఎం 540, ఎంఎం 550, కమాండర్, మేజర్ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మన తెలుగు సినిమాల్లో ఆఖరి సీనుకి పోలీసులు దిగేది వీటిలో ఏదో ఒకదాన్నుంచే.

ధర విషయంలో ఇవన్నీ ఒకటి కావు. అసలు పెట్రోలు ఇంజనుతో, అసలు బాడీతో ఉన్న సీజే 3బీ పై మెట్టు. పొట్టి ఎంఎం 540, 550లు మధ్య మెట్టు. పొడవాటి కమాండరు కింది మెట్టు, ఎందుకంటే దాన్ని మోజుపడి కొనేవాళ్ళు తక్కువ, బతుకుతెరువుకి కొనేవాళ్ళే ఎక్కువ. బొర్రా దగ్గర్నుంచి కటికి జలపాతానికి యాత్రికుల్ని ఎక్కించుకుపోయే జీపులు చూసినవాళ్ళకి ఈ తేడా చెప్పక్కర్లేదు. కాబట్టి ‘మహీంద్రా జీపు’ అంటే చాలదు. ఆర్‌సీలో మోడల్ పేరు ఏమని ఉందో అడగాలి.

1988 మోడల్: ఇప్పుడున్న మోటారు వాహనాల చట్టం 1989 జులై 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు రిజిస్టరైన బండికి ఏపీ 31 ఉండదు, మూడక్షరాల పాత నంబరుంటుంది. నంబరు ప్లేటు మీద అది చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, దాని రికార్డు ఒకప్పుడు చేత్తో రాసిన పుస్తకాల్లో ఉండేది. అది కంప్యూటరుకి ఎక్కిందా లేదా అన్నదే ప్రశ్న. ఎక్కకపోతే రెన్యువల్ లేదు, బదిలీ లేదు, ఇన్సూరెన్స్ కూడా ఇబ్బందే. ఆ పని అమ్మేవాడి చేత చేయించాలి. కొన్నాక మనం తిరిగితే ఆ తిరుగుడు మన లెక్కలో పడుతుంది.

సొంత వాడకం బండికి మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు, ఆ తర్వాత అయిదేళ్ళకోసారి. 1988 బండికి వరసగా 2003, 2008, 2013, 2018, 2023 సంవత్సరాల్లో రెన్యువల్ జరిగి ఉండాలి, మళ్ళీ 2028లో రావాలి. ఈ గొలుసులో ఎక్కడ తెగిందో చూస్తే బండి ఎన్నాళ్ళు షెడ్డులో పడి ఉందో తెలుస్తుంది. అమ్మేవాడు చెప్పని చరిత్ర ఆ తేదీలు చెబుతాయి.

డిపార్టుమెంటు వేలం బండి: ఈ ప్రకటనలో అన్నిటికన్నా బరువైన మాట ఇదే, అందుకని ఇక్కడ కాస్త ఆగుతాను.

విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ 1982లో ఏర్పడింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఆ నిర్మాణం సాగిన కాలమంతా దేశంలో జీపుల కాలం. రోడ్డు పడని చోట పనిచేసే ప్రభుత్వ శాఖలు, పబ్లిక్ సెక్టారు సంస్థలు, కాంట్రాక్టర్లు కొన్నది అదే. పోర్టు, నేవీ, షిప్‌యార్డు, రిఫైనరీ, ఉక్కు కర్మాగారం ఒక్కచోటే ఉన్న ఊరు కాబట్టి, వాడి పక్కన పెట్టేసిన బండ్లు వేలానికి రావడం కూడా ఇక్కడ మామూలు సంగతి. ప్రభుత్వ సంస్థల తుక్కు, పాత వాహనాలు ఎంఎస్‌టీసీ అనే సంస్థ ద్వారా ఆన్‌లైన్ వేలానికి వస్తాయి. ఆ ఎంఎస్‌టీసీ కూడా కేంద్ర ఉక్కు మంత్రిత్వ శాఖ కిందిదే.

కొనేవాళ్ళు వేలం బండిని ఇష్టపడడానికి కారణం ఉంది. లాగ్ బుక్కు ఉంటుంది, సర్వీసు లెక్క ఉంటుంది, ఇంజను నంబరు ఛాసిస్ నంబరు మారి ఉండవు. పైగా వేలంలో కొన్నవాడికి చౌక. ఆటోనగర్‌లో బాగుచేయించి అమ్మితే లాభం. ఏళ్ళ తరబడి ఈ ఊళ్ళో పాత జీపుల ధర పెద్దగా పెరగకపోవడానికి, నా ఉద్దేశంలో, ఈ సరఫరాయే ముఖ్య కారణం.

ఆ కుళాయి కట్టేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల వాహనాలకీ, మునిసిపాలిటీలు, పబ్లిక్ సెక్టారు సంస్థల వాహనాలకీ పదిహేనేళ్ళు దాటితే రిజిస్ట్రేషన్ చెల్లదు. రక్షణ, శాంతిభద్రతల కోసం వాడే కొన్ని ప్రత్యేక వాహనాలకి తప్ప మినహాయింపు లేదు. అలాంటి బండిని రిజిస్టరైన తుక్కు కేంద్రానికే పంపాలి. అంటే ఉక్కు కర్మాగారం జీపు ఇక మీదట మన ఇంటికి రాదు, కొలిమికి పోతుంది. ఇప్పటికే ప్రైవేటు చేతుల్లోకి వచ్చి, పేరు మారి, రెన్యువల్ అయిన బండ్లు ఎన్ని ఉన్నాయో అన్నే. కొత్తవి చేరవు. జీపు రేటు పెరిగిందంటే అందరూ కుర్రాళ్ళ మోజు అంటారు. మోజు ఉన్న మాట నిజమే, కానీ సరఫరా ఆగడాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

అందుకని ‘వేలం బండి’ అని ఎవరన్నా అంటే అడగాల్సింది ఒక్కటే: వేలం ఎప్పుడు, సొంత పేరు మీద రిజిస్ట్రేషన్ ఎప్పుడు? రెండూ పాతవైతే మంచి బండి. వేలం జరిగి పేరు మారకుండా ఉండిపోతే, రికార్డులో ఇంకా డిపార్టుమెంటే యజమాని. దానికి రూపాయి కూడా పెట్టొద్దు.

సెకండ్ ఓనర్: మొదటి ఓనరు ప్రభుత్వం. ముప్ఫయ్యేళ్ళలో స్టీరింగు పట్టిన డ్రైవర్లెవరూ ఓనర్లు కారు. ఈ మాటకి అంతకుమించి అర్థం లేదు.

ప్యూజో డీజిల్ ఇంజను: ఎంఎం 540లో వచ్చిన ఎక్స్‌డీపీ 4.90 ఇంజను 2,112 సీసీ. ఫ్రెంచి ప్యూజో నమూనా. నెమ్మదైన, మెత్తని ఇంజను. స్టార్టయ్యే ముందు హీటర్ ప్లగ్గులు వేడెక్కాలి. విశాఖ ఉక్కపోతలో ఆ ప్లగ్గులు సగం చచ్చినా బండి లేస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. డిసెంబరులో లంబసింగి వెళ్ళి తెల్లవారుజామున తాళం తిప్పినప్పుడు వాటి విలువ తెలుస్తుంది.

దీని విడిభాగాలు రాను రాను దొరకడం కష్టమవుతోంది. అందుకే చాలా జీపులకి ఈ ఇంజను దించేసి మహీంద్రా వారి 2,523 సీసీ డీఐ ఇంజను ఎక్కించారు. కమాండర్లలోనూ, బొలేరో పికప్పుల్లోనూ తిరిగిన కుటుంబం కనుక దాని సామాను ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతుంది, ఏ మేస్త్రీకైనా చెయ్యి అలవాటే. వాడుకకి డీఐ మేలు, విలువకి ప్యూజో మేలు. ఎందుకో చెబుతాను. 2021 జులైలో కేంద్రం వింటేజి వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది. యాభై ఏళ్ళు దాటి ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. రుసుము 20 వేలు, గడువు పదేళ్ళు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు. రోజువారీ తిరుగుడుకీ వ్యాపారానికీ పనికిరాదు. 1988 జీపుకి ఆ అర్హత 2038లో వస్తుంది. ఈ రోజు దించేసిన అసలు ఇంజనుకి ఆ రోజు లక్షల్లో లెక్క ఉండొచ్చు. మార్చినవాళ్ళయినా పాత ఇంజనుని తుక్కుకి వేయకుండా షెడ్డు మూల దాచుకోవాలి. మారిన ఇంజను నంబరు ఆర్‌సీలో రాయించాలన్నది వేరే చెప్పక్కర్లేదు, అయినా రాయించనివాళ్ళే ఎక్కువ.

పెట్రోలు జీపు కొనాలనుకునేవాళ్ళకి ఒక ముక్క. ఇప్పుడు బంకులో పోసే పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ ఉంటోంది. పాతకాలపు రబ్బరు పైపులు, కార్బురేటరు గాస్కెట్లు దానికోసం చేసినవి కావు. కొన్న వారంలోనే అవి మార్పించుకోండి.

ఫోర్ వీల్ వర్కింగ్: లివరు కదిలితే ఫోర్ వీల్ పనిచేస్తున్నట్టు కాదు. తారురోడ్డు మీద చూపిస్తే ఏమీ తేలదు. మెత్తటి నేల మీద లో గేరు వేయించి, ముందు చక్రాలు లాగుతున్నాయో లేదో కిందికి దిగి చూడాలి. ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి, ముందు హౌసింగు చివర్ల నుంచి ఆయిలు కారిందా అన్నది వేలితో తడిమి చూడాలి. కొన్ని జీపులు మొదట్నుంచీ రెండు చక్రాలవే, తర్వాత ముందు హౌసింగు తెచ్చి బిగించారు. దాన్ని ఫ్యాక్టరీ ఫోర్ వీల్ రేటుకి అమ్మడం అన్యాయం.

ఇంకొక మాట. అప్పికొండ ఇసుకలో, యారాడ అలల అంచున ఫోర్ వీల్ సత్తా చూపించే వీడియోలు చూసి మురిసిపోకండి. అలల్లో తిప్పి, మంచినీళ్ళతో కింద కడగని జీపు ఏమవుతుందో తర్వాతి మాట చెబుతుంది.

ఛాసిస్ గట్టిది, బాడీ కొత్తగా కట్టించాం: ఈ రెండు వాక్యాల్లో రెండోది మొదటిదాన్ని అనుమానించమంటోంది. బాడీ ఎందుకు కొత్తది కట్టించాల్సి వచ్చింది? తుప్పు పట్టి. అదే తుప్పు బాడీతోనే ఆగిందా?

సముద్రపు గాలిలోని ఉప్పు, ఏడాదిలో చాలా భాగం ఉండే తేమ, పరిశ్రమల ధూళి కలిసి ఈ ఊళ్ళో ఇనుముని తింటాయి. ఇనుము తయారుచేసే ఊరే ఇనుముని ఇంత వేగంగా తినడం చూస్తే నవ్వొస్తుంది. ఇంకో తమాషా ఉంది. మన కర్మాగారం చేసేవి కడ్డీలు, వైరు రాడ్లు, యాంగిళ్ళు, ఛానళ్ళు. పలుచటి రేకు ఇక్కడ చెయ్యరు. ఉక్కునగరంలో జీపు బాడీ కట్టించుకుంటే ఆ రేకు వేరే రాష్ట్రపు కర్మాగారం నుంచి రావాల్సిందే.

తుప్పు ఎక్కడ వెతకాలో చెబుతాను. బాడీలో: డ్రైవరు కాళ్ళ కింద నేల, సీటు కింద టూల్ బాక్సు, ముందద్దం ఫ్రేము అడుగు. వీటిని టింకరింగ్ మేస్త్రీ కోసి కొత్త రేకు అతికిస్తాడు, ఖర్చు వేలల్లో తేలుతుంది. ఛాసిస్‌లో: కమాను కట్టలు వేలాడే హ్యాంగర్లు, బాడీ బోల్టులు బిగించే చోట్లు, ముందువైపు పెట్టెలా మూసి ఉన్న భాగం లోపల. ఆ మూసిన భాగంలోకి బురద పోతుంది, రాదు. అది లోపల్నుంచి కుళ్ళి, పైకి నల్లరంగుతో నిగనిగలాడుతూ ఉంటుంది. చిన్న సుత్తితో వరసగా తట్టుకుంటూ పొండి. ఖణేలుమనే చోట ఇనుముంది. మొద్దుగా మోగిన చోట తుప్పుంది. అమ్మడానికి వారం ముందు కింద కొట్టించిన తాజా నల్ల కోటింగు కనిపిస్తే ఇంకాస్త గట్టిగా తట్టండి.

బాడీ మార్చొచ్చు, ఇంజను మార్చొచ్చు, గేర్ బాక్సు మార్చొచ్చు, ఆటోనగర్‌లో అన్నీ దొరుకుతాయి. ఛాసిస్ మారిస్తే నంబరు మారుతుంది, నంబరు మారితే అది చట్టప్రకారం వేరే బండి. కాబట్టి కుళ్ళిన ఛాసిస్ ఉన్న జీపుకి ధర లేదు, తూకమే. హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబరు 12న ఈ బండి ఎక్కడుందని కూడా అడగండి. షెడ్డులో ఉన్నదానికీ, విరిగిన చెట్ల కింద ఉప్పునీటిలో నానినదానికీ తేడా ఉంటుంది.

పవర్ స్టీరింగ్, పెద్ద టైర్లు: అమ్మేవాడు దీన్ని కలిసొచ్చేదిగా రాశాడు. నేను తీసేస్తాను. తయారీదారు చేసినదానికి భిన్నంగా మార్పులు చెయ్యకూడదని చట్టంలో 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. 182ఎ సెక్షన్ ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకి అయిదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. హర్యానాలోని మండీ డబ్వాలీలో ముస్తాబు చేసిన జీపులు ఇంటర్నెట్లో చూసి ఇక్కడివాళ్ళూ మోజుపడుతున్నారు. అక్కడి నుంచి వచ్చేవాటిలో కాగితం ఒక బండిది, ఇనుము ఇంకో బండిది కావడం అరుదు కాదు. రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టరు పెద్ద టైర్లు విప్పేసి రమ్మంటే, పాత సైజు 6.00-16 టైర్లు అయిదు మళ్ళీ కొనాలి.

ఎఫ్.సి., ఇన్సూరెన్స్ కరెంట్: ఏటా అయ్యే ఖర్చు ఇక్కడుంది. 2025 ఆగస్టులో కేంద్రం ఇరవై ఏళ్ళు దాటిన సొంత కార్లు, జీపుల రిజిస్ట్రేషన్ రెన్యువల్ రుసుముని 10 వేలు చేసింది. అంతకుముందు 5 వేలు. అయిదేళ్ళకి పంచితే ఏడాదికి 2 వేలు, పెద్ద బాధ కాదు. బాధంతా ఆలస్యంలో ఉంది: గడువు దాటితే నెలకి 500. ఆరేళ్ళు షెడ్డులో మరిచిపోతే 36 వేలు. గ్రీన్ ట్యాక్స్ వేరు.

ఇన్సూరెన్సులో, 2022 జూన్‌లో వచ్చిన థర్డ్ పార్టీ రేట్లలో 1,500 సీసీ దాటిన కారుకి 7,897 రూపాయలు. పద్దెనిమిది శాతం జీఎస్టీతో 9,300 పైన. ఇది మీ జీపు విలువని బట్టి కాదు, సీసీని బట్టి. రెండు లక్షల జీపుకీ, కోటి రూపాయల విదేశీ బండికీ ఒకటే. ఇక్కడ మారుతి జిప్సీ గెలుస్తుంది. 1985 డిసెంబరులో వచ్చిన మొదటి జిప్సీ 970 సీసీ, దానికి 2,094. తర్వాతి 1,298 సీసీ కింగ్‌కి 3,416. వింటేజి రిజిస్ట్రేషన్ ఉంటే సగమే. పూర్తి ఇన్సూరెన్సు మాత్రం ఈ వయసు బండికి ఇచ్చే కంపెనీని పట్టుకోవడమే ఒక పని. ఇచ్చినా విలువ ఎంతన్నది ఇద్దరూ ఒప్పుకోవాలి, పాలసీలో రాయించుకోవాలి.

నా లెక్క ఇలా ఉంటుంది. ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు తిప్పితే, లీటరుకి పది చొప్పున 300 లీటర్లు, వందేసుకుంటే 30 వేలు. కాగితాలకి 12 వేలు. ఆయిళ్ళు, బ్రేకులు, కమాన్లు, బ్యాటరీ, ఏటా వానాకాలం ముందు కింద తుప్పు గీకించి రంగు కొట్టించడం కలిపి డీజిలుకి అయినంత. మొత్తం 70 వేలకి అటూఇటూ, ఇంజను విప్పని ఏడాదిలో. విప్పిన ఏడాది సంగతి మేస్త్రీని అడగండి, ముందు కూర్చుని అడగండి.

పేపర్లు క్లియర్: అన్ని ప్రకటనల్లోనూ ఉండే మాట కాబట్టి దీనికి విలువ లేదు. ఆర్‌సీ అసలుది చేతిలో ఉందా, ఫైనాన్సు ఉంటే తీరిందా, వేరే రాష్ట్రపుదైతే ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్సు కట్టారా? తెలంగాణ నంబరు కూడా ఇప్పుడు వేరే రాష్ట్రపుదే. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు తిరగకూడదన్నాక అక్కడివి చాలా దక్షిణాదికి వచ్చాయి. చౌకగా కనిపిస్తాయి, ట్యాక్సు కట్టాక కావు.

రేటు నాలుగున్నర: అమెరికాలో హేగర్టీ అనే సంస్థ పాత బండ్ల స్థితిని నాలుగు తరగతులుగా విడదీసి ధరల పట్టిక ప్రకటిస్తుంది. ఫోర్డ్ బ్రాంకో కొనేవాడూ, టయోటా ఎఫ్‌జే 40 అమ్మేవాడూ అది చూసి మాట్లాడుకుంటారు. మనకి అలాంటిదేమీ లేదు. అమ్మేవాడు చెప్పిందే పట్టిక.

కాబట్టి పైనుంచీ కిందనుంచీ హద్దులు మనమే గీసుకోవాలి. కింది హద్దు తుక్కు. పన్నెండు వందల కిలోల బండికి కిలో ముప్ఫై వేసుకున్నా 36 వేలు. పై హద్దు కొత్త మహీంద్రా థార్. అది పది లక్షల దగ్గర మొదలవుతుంది, ఆ ధరలో వచ్చేది రెండు చక్రాలదే అయినా వారంటీ ఉంటుంది, ఎయిర్‌బ్యాగులుంటాయి, బ్యాంకు అప్పిస్తుంది. ఈ రెండు హద్దుల మధ్య ఉన్న డబ్బులో సగానికి పైగా కాగితాలకీ, తుప్పులేని ఛాసిస్‌కీ ఇచ్చే డబ్బు. మిగతాది పనిచేసే సామానుకి. మోజుకి కూడా కొంత ఇవ్వొచ్చు, అది ఎవరి ఇష్టం వారిది.

చూస్తే వదలరు: నిజమే, అందుకే ఒంటరిగా చూడ్డానికి వెళ్ళకూడదు. జీపంటే ఇష్టం లేని మేస్త్రీని వెంట తీసుకెళ్ళండి.

ఇక ఈ ప్రకటన మీద నా తీర్పు. వేలం కాగితం పాతదై, 2023 రెన్యువల్ జరిగి, ఛాసిస్ మీది నంబరు ఆర్‌సీతో కలిసి, హ్యాంగర్ల దగ్గర సుత్తి ఖణేలుమంటే మూడు, మూడుంబావు లక్షల దాకా ఇవ్వొచ్చు. పెద్ద టైర్లు ఆయన్నే ఉంచుకోమనండి. వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా అడ్వాన్సు ఇవ్వకండి.